నోట్లో నిప్పు

పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నారు పెద్దలు. ఊడగొట్టుకోవడానికైతే సరే. ఊడకుండా కాపాడే చదువు చదవాలంటే మాత్రం ఏ ఊరైనా ఒకటే అనడానికి వీల్లేదండీ. పుస్తకాలు అవే కావచ్చు, పరీక్షలు అవే కావచ్చు, వెనక్కి వాలే ఆ కుర్చీ కూడా అదే కావచ్చు. కాని ఆ కుర్చీలో కూర్చుని "ఆ..." అని నోరు తెరిచే మనిషి ఉందే, ఆవిడ తన ఊరి నీళ్ళు తాగి, తన ఊరి గాలికి తట్టుకుని, తన ఊరి అలవాట్లన్నీ నోట్లో మూటగట్టుకుని మరీ వస్తుంది.

నెల్లూరు సంగతే చూడండి. 1937లో షార్ట్ అనే డాక్టరూ, ఆయనతో పనిచేసిన మరికొందరూ కలిసి ఒక విషయం బయటపెట్టారు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో జనానికి పళ్ళ మీద గోధుమరంగు చారలు కట్టడానికీ, నడివయసుకే నడుములు బిగుసుకుపోవడానికీ కారణం బావినీళ్ళలో ఉన్న ఫ్లోరైడు అని. నల్లగొండ కథ సరేసరి, మనందరికీ తెలిసిందే. అక్కడ డెంటల్ చదివే పిల్ల రోగి పన్ను చూసి, ఎలాంటి నీళ్ళు తాగి పెరిగిందో ఇట్టే చెప్పగలదు. రాయి నీళ్ళలో కరిగితే, నీళ్ళు పంటి మీద సంతకం చేస్తాయన్నమాట.

మరి మా ఉత్తరాంధ్ర సంతకం ఎక్కడుంటుంది? పళ్ళ మీద కాదు. తల వెనక్కి వాల్చి, దీపం వేసి, చిన్న అద్దం పెట్టి చూస్తే తప్ప కనిపించని చోట, అంగిట్లో ఉంటుంది. ఆ సంతకం పేరు అడ్డపొగ.

ఈ మాట విని గోదావరికి అవతలివాళ్ళు కొందరు తెల్లమొహం వేస్తారు. చుట్ట అంటే తెలుసు కదా! గిరీశం పుణ్యమా అని చుట్టకి మన సాహిత్యంలో కూడా పీట దక్కింది. ఆ చుట్టనే వెలిగించి, వెలిగిన కొసని నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి తాగడమే అడ్డపొగ. నిప్పు లోపల, చల్లటి కొస బయట. మా చిన్నతనంలో విజయనగరం దగ్గర మా ఊరికి చింతపండు గంప నెత్తిన పెట్టుకుని ఒక ముసలమ్మ వచ్చేది. నిప్పు ఎక్కడా కనబడదు, ముక్కులోంచి మాత్రం పొగ వస్తూ ఉండేది. పిల్లలం నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళం. కాలదా అని నేనొకసారి అడిగితే ఆవిడ చుట్ట తీసి, బూడిద ఉమ్మేసి నవ్వింది. "బయటెడితే గాలికి ఆరిపోతాదమ్మా. లోనెట్టుకుంటే నిప్పూ నాదే, పొగా నాదే" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. అందులో ఎంత అర్థం ఉందో, ఈ మధ్య మా మేనకోడలి చదువు పుణ్యమా అని ఆలోచించవలసి వచ్చింది.

మా అన్నయ్య కూతురు విశాఖపట్నంలో డెంటల్ చదువుతోంది. నాలుగేళ్ళ చదువు అయిపోయి హౌస్‌సర్జన్సీలోకి వచ్చింది. ఆ ఏడాదిలో పల్లెలకి వెళ్ళి శిబిరాలు పెట్టడం కూడా చదువులో భాగమే. వాళ్ళ బృందం అరకు వైపు వెళ్ళివచ్చింది. "అత్తా, అక్కడ కూడా అడ్డపొగే!" అంటూ వచ్చింది. అది సముద్రపు ఒడ్డున బెస్తవాళ్ళ అలవాటేనని దాని నమ్మకం. కొండ మీద చూసేసరికి ఆశ్చర్యపోయింది.

అరకు చూడనివాళ్ళు ఈ రోజుల్లో తక్కువే లెండి. విశాఖ నుంచి కిరండోలు రైలెక్కితే కొత్తవలస దాటాక కొండలు మొదలవుతాయి. బైలదిల్లా ఇనుపరాయి జపానుకి పంపడం కోసం 1960లలో వేసిన మార్గం అది. సొరంగాలు లెక్కపెడుతూ పిల్లలు యాభై దాటేసరికి లెక్క తప్పుతారు. శిమిలిగుడ స్టేషను దగ్గరికి వచ్చేసరికి మనం సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకి చేరుకుంటాం. విశాఖలో చెమటలు కక్కిన మనిషి అక్కడ చీరకొంగు భుజం చుట్టూ లాక్కుంటుంది. జూన్ మొదలు వానలు. అవి తెరిపి ఇచ్చేసరికి తుపాన్ల కాలం. తర్వాత వలిసె చేలు పసుపు ఆరబోసినట్టు పూస్తాయి. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున మంచు కురిసి, ఎదుటి మనిషి కూడా కనబడదు. చింతపల్లి దగ్గర లంబసింగిలో అయితే చలి సున్నా డిగ్రీల దాకా దిగుతుందని ఇప్పుడు జనం చూడడానికే వెళుతున్నారు. మనకి అది వినోదం. ఆ చలిలో కట్టెలకి వెళ్ళే కొండదొర, కొటియ, పోర్జ, గదబ ఆడవాళ్ళకి అది రోజూ ఉండే బతుకు.

"చలికి వెచ్చగా ఉంటుందని తాగుతారట అత్తా" అంది పిల్ల. సముద్రం దగ్గర గాలికి ఆరిపోతుందని, కొండ దగ్గర చలికి వెచ్చగా ఉంటుందని. బాగానే ఉంది. ఇక్కడ గాలి, అక్కడ చలి. నేలనీ వాతావరణాన్నీ చూసి అలవాటుకి అర్థం చెప్పేశాం. నిజంగా అంతేనా? ఆ సంగతి తేల్చుకునే ముందు, ఈ అంగిళ్ళని మొదట ఎవరు చూశారో చెప్పాలి.

మన దేశంలో మొదటి డెంటల్ కాలేజీ కలకత్తాలో 1920లో వచ్చింది. అమెరికాలో చదివివచ్చిన డాక్టర్ రఫీయుద్దీన్ అహమ్మద్ పెట్టారు. మహమ్మదాలీ జిన్నా చెల్లెలు ఫాతిమా జిన్నా కలకత్తాలోనే ఈ చదువు చదివి, 1923లో బొంబాయిలో సొంత క్లినిక్ తెరిచింది. ఆ రోజుల్లో ఒక ఆడది పన్ను పీకుతానంటే నోరు తెరిచి కూర్చున్నవాళ్ళు కూడా ధైర్యవంతులే సుమండీ! 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. 1959లో హైదరాబాదులో ప్రభుత్వ డెంటల్ కాలేజీ వచ్చింది. విశాఖకి డెంటల్ కాలేజీలు వచ్చేసరికి ఈ శతాబ్దం మొదలైంది. మరి అంతవరకూ మా వైపు ఆడవాళ్ళ నోళ్ళు చూసిందెవరు?

మెడికల్ కాలేజీ వాళ్ళు. 1923లో విశాఖలో ఆంధ్ర మెడికల్ కాలేజీ మొదలైంది. కింగ్ జార్జి ఆస్పత్రికి శ్రీకాకుళం నుంచీ ఏజెన్సీ నుంచీ రోగులు వచ్చేవారు. 1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు అనే వైద్యులు ఒక వైద్య పత్రికలో వ్యాసం రాశారు. కోస్తా ఆంధ్రలో అంగిటి కేన్సరుకి కారణం, కాలే కొసని నోట్లో పెట్టుకుని చుట్ట తాగడమేనని. ఇందులో విశేషం ఏమిటంటారా? మామూలుగా పొగతాగేవాళ్ళకి గట్టి అంగిట్లో కేన్సరు రావడం చాలా అరుదు. ఎక్కడా అంతగా కనిపించని జబ్బు మా దగ్గర మాత్రం పదేపదే కనిపించింది. వ్యాధికి ఒక ఊరి చిరునామా దొరికింది.

ఆ తర్వాత వచ్చినవాళ్ళు అసలైన పళ్ళ డాక్టర్లు. బొంబాయి టాటా పరిశోధన సంస్థలో దంత పరిశోధన విభాగం నడిపిన ఫాలీ మెహతా ఒకరు. డెన్మార్కు దేశపు కోపెన్‌హాగెన్ నుంచి వచ్చిన యెన్స్ పిండ్‌బోర్గ్ ఇంకొకరు. 1960ల రెండో సగంలో వీళ్ళ బృందం దేశంలో ఐదు జిల్లాలు ఎంచుకుని పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగింది. మొత్తం 50,915 మంది నోళ్ళు చూశారు. ఆస్పత్రికి వచ్చినవాళ్ళని కాదు, ఇంట్లో వంట చేసుకుంటున్నవాళ్ళని, చేలో కలుపు తీస్తున్నవాళ్ళని. అటు కొండల్లో ఇనుపరాయి కోసం సొరంగాలు తవ్వి రైలు నడుపుతున్న దశాబ్దంలోనే, ఇటు కింద పల్లెల్లో నోళ్ళలోకి చిన్న దీపాలు పట్టుకుని చూసినవాళ్ళున్నారని తలచుకుంటే ముచ్చటేస్తుంది.

ఐదు జిల్లాలు, ఐదు రకాల నోళ్ళు! కేరళలో ఎర్నాకుళం తమలపాకూ పొగాకూ కలిపి నమిలే నోరు. గుజరాతులో భావనగరం బీడీ నోరు. బీహారులో దర్భంగా వైపు పొగాకూ సున్నమూ నలిపి పెదవి కింద పెట్టుకునే నోరు. అప్పట్లో బీహారులోనే ఉన్న సింగ్‌భూం ఇంకొకటి. ఐదోది మన శ్రీకాకుళం. పొగాకు ఎక్కడ పెట్టుకుంటే అక్కడే మచ్చ. నమిలేవాళ్ళకి బుగ్గ, నలిపి పెట్టుకునేవాళ్ళకి పెదవి లోపల, మనవాళ్ళకి అంగిలి. శ్రీకాకుళంలో చూసిన 10,169 మంది వివరాలు 1971లో ఇంగ్లండులో ఒక కేన్సరు పత్రికలో అచ్చయ్యాయి. అందులో నూటికి నలభైమందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే. వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ.

అంగిట్లో ఏం జరుగుతుందో మా మేనకోడలు బొమ్మ గీసి చూపించింది. గులాబీరంగులో మెత్తగా ఉండవలసిన చర్మం వేడికి మందమై తెల్లబారుతుంది. అంగిట్లో ఉమ్మి ఊరే చిన్నచిన్న గ్రంథుల నోళ్ళు ఉబ్బి, తెల్లటి బొడిపెల మధ్య ఎర్రటి చుక్కల్లా కనిపిస్తాయి. కొందరికి అక్కడక్కడ రంగు పోతుంది, కొందరికి నల్లబడుతుంది. కాలే కొస వేడి 120 డిగ్రీల సెంటీగ్రేడు దాకా ఉంటుందని ఈ విషయం మీద రాసినవాళ్ళు తరచుగా చెప్పే లెక్క. మరి నొప్పి? అదే ఇందులో మోసం. మందమైన చర్మానికి మొదట్లో మంట తెలియదు. తెల్లమచ్చ అందరిలోనూ కేన్సరు కాదు. కాని ఎర్రబారి, పుండు పడి, మానకుండా ఉన్నది మాత్రం ప్రమాదమే. నొప్పి పుట్టి ఆస్పత్రికి వచ్చేసరికి చాలామందికి ఆలస్యమైపోయి ఉంటుంది. పదేళ్ళపాటు వెంట ఉండి చూసిన లెక్కలు 1984లో బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చాయి. పొగాకు ముట్టనివాళ్ళకంటే అడ్డపొగవాళ్ళలో చావులు ఎక్కువని తేలింది.

ఇప్పుడు ఆ గాలి, చలి ప్రశ్న దగ్గరికి వద్దాం. చలిదేశంలో నిప్పుని ఒంటికి దగ్గరగా పెట్టుకోవడం కొత్తేమీ కాదు. కాశ్మీరులో పొడుగాటి అంగీ లోపల కాంగ్డీ అని నిప్పుల కుండ పెట్టుకుంటారు. ఆ వేడి రోజూ తగిలి పొట్ట మీదా తొడల మీదా పుట్టే చర్మం కేన్సరు గురించి ఎల్మ్‌స్లీ అనే డాక్టరు 1866లోనే రాశాడు. కనుక చలికి నిప్పు తోడు, నిప్పుకి కేన్సరు తోడు అనడం నిజమే. కాని కాంగ్డీ మగవాళ్ళూ పెట్టుకుంటారు, ఆడవాళ్ళూ పెట్టుకుంటారు. చలికి మగా ఆడా తేడా తెలియదు కదా! అరకులో తెల్లవారుజామున మగవాడు కూడా వణుకుతాడు. భీమిలిలో సముద్రం మీదికి వెళ్ళేవాడు మగవాడే, గాలి ముందు తగిలేది అతనికే. మరి నిప్పు లోపల పెట్టుకునేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళెందుకు అయ్యారు?

ఇంకో మాట. అడ్డపొగ మన దగ్గరే కాదు. దక్షిణ అమెరికాలో కొలంబియాలో ఉంది, కరేబియన్ దీవుల్లో ఉంది, ఫిలిప్పీన్సులో ఉంది. అక్కడి పల్లెల్లో చాలాచోట్ల చలి అన్నమాటే ఉండదు.  కొలంబియాలోనూ ఫిలిప్పీన్సులోనూ కూడా తాగేది ఎక్కువగా ఆడవాళ్ళేనట! ఇక వాతావరణం ఒక్కదాని మీద నేరం మోపడం ఎలా కుదురుతుంది?

నాకు తోచింది చెబుతాను, మీరూ ఆలోచించండి. మగవాడు చుట్ట తాగుతున్నాడంటే అరుగు మీద కూర్చుని తాగుతాడు. ఒక చేత్తో చుట్ట, ఇంకో చేత్తో మీసం. బూడిద రాలితే రాలుతుంది. ఆడదానికి అరుగేది? చెయ్యి ఖాళీ ఏది? బట్టలుతికేటప్పుడు రెండు చేతులూ కావాలి, చుట్ట తడవకూడదు. ఊడ్పుల్లోనూ అంతే. చంటిపిల్లకి పాలిచ్చేటప్పుడు నిప్పురవ్వ పిల్ల మీద పడకూడదు. అత్తగారూ మామగారూ వచ్చినప్పుడు ఎర్రటి కొస కనబడకూడదు. సగం కాల్చిన చుట్ట పారెయ్యడానికి డబ్బు లేదు, ఆర్పి దాచుకోవాలి. ఇవన్నీ కలిపి చూస్తే నిప్పు ఎక్కడికి చేరాలి? నోట్లోకే. పనివాళ్ళనీ పరిశోధకులనీ అడిగితే చెప్పే కారణాల్లో గాలీ చలితో పాటు ఇవన్నీ ఉన్నాయి. తల్లిని చూసి కూతురు నేర్చుకుంటుంది, సంతలో పొగాకు కట్ట చవకగా దొరుకుతుంది. చింతపండు ముసలమ్మ "నిప్పూ నాదే, పొగా నాదే" అన్నది ఇందుకే కాబోలు. రోజంతా ఆవిడ మోసిన బరువులో ఆవిడది అనదగ్గది ఆ చుట్ట ఒక్కటే.

అలాగని దాన్ని వెనకేసుకు రావడం లేదు. ఆ ఒక్క సొంతమైనదే ఆవిడ నోరు కాల్చింది. కాని ఎందుకు తాగుతోందో తెలియకుండా మానమంటే ఎవరు మానతారు? ఆ పళ్ళ డాక్టర్లకి ఈ విషయం బాగా అర్థమైనట్టుంది. 1970ల చివరలో వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఎర్నాకుళం, భావనగరం, శ్రీకాకుళం, మూడు జిల్లాల్లో కలిపి పొగాకు అలవాటున్న 36,000 మందిని తీసుకున్నారు. ఈసారి చూసి రాసుకుని వెళ్ళిపోలేదు. ఏటేటా వచ్చి మనిషికి మనిషి చెప్పారు. సినిమాలు వేశారు, పోస్టర్లు పెట్టారు. ఐదేళ్ళ ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. చెప్పించుకున్నవాళ్ళలో మానినవాళ్ళూ తగ్గించినవాళ్ళూ ఎక్కువ, కొత్త మచ్చలు పుట్టడం తక్కువ. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు శ్రీకాకుళంలోనే అడ్డపొగవాళ్ళకి ఏ విటమిను, రైబోఫ్లేవిను, జింకు, సెలీనియం ఏడాదిపాటు ఇచ్చి, మచ్చలు తగ్గడం చూశారు. 1995లో ఆ సంగతి అచ్చయింది. అంటే ఆ అంగిలికి నిప్పొక్కటే కాదు, కంచంలో లేని తిండి కూడా శత్రువేనన్నమాట.

ఇంత చరిత్ర ఉన్న చోట డెంటల్ చదవడం మా పిల్ల అదృష్టం అంటాను నేను. ఇప్పుడు ఆ కాలేజీల్లో ఎక్కడ చూసినా ఆడపిల్లలే. దీనివల్ల ఒక మేలుంది. దాచుకు తాగే మనిషి మగడాక్టరు ముందు ఒక పట్టాన నోరు విప్పదు. అరకు శిబిరంలో ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అరగంట సేపు అలాగే నిలబడిందట. చివరికి మా పిల్ల పక్కన కూర్చుని, "అమ్మా, నీ అంగిలి నువ్వెప్పుడైనా చూసుకున్నావా?" అని అడిగిందట, స్థానికురాలైన ఒక ఆరోగ్య కార్యకర్త చేత ఆవిడ భాషలో చెప్పించి. ఒక చేతిలో పెద్ద అద్దం ఇచ్చి, తన చిన్న అద్దం లోపల పెట్టి చూపించిందట. ఆవిడ చాలాసేపు చూసుకుంది. "ఇది నాదేనా?" అని అడిగిందట.

ముప్ఫై నలభై ఏళ్ళుగా నిప్పు పెట్టుకుంటున్న చోటుని ఆవిడ మొదటిసారి చూడడం అదే. మరి మనం మటుకు ఎవరం చూసుకున్నాం? ముఖం అద్దంలో రోజుకి పదిసార్లు చూసుకుంటాం, అంగిలి ఎవరు చూసుకుంటారు?

ఆవిడ ఆ రోజు చుట్ట పారేసిందని చెబితే కథ అందంగా ఉండేది. పారెయ్యలేదు. కొంగున ముడి వేసుకునే వెళ్ళింది. కాని మర్నాడు తన చెల్లెల్నీ, తోటికోడల్నీ వెంటబెట్టుకుని వచ్చిందట, "వీళ్ళకి కూడా చూపించు" అని. ఇద్దరి కొంగుల్లోనూ చుట్టలున్నాయట.

2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. పాడేరులో మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. రోడ్లు పడ్డాయి, అరకు కాఫీ పేరు దేశదేశాలకీ వెళ్ళింది. శెలవులకి మనం కూడా వెళతాం. బొర్రా గుహలు చూస్తాం, థింసా చూస్తాం, సంతలో అల్లమూ పసుపూ బేరం చేస్తాం. ఆ అమ్మే ఆవిడ పెదవుల మధ్య చల్లటి చుట్ట కొస కనిపిస్తే వింతగా ఫోటో తియ్యకండి. మాట కలపండి. అంగిట్లో తెల్లమచ్చ గాని, రెండు వారాలకి మానని పుండు గాని ఉందేమో చూపించుకోమని ఒక మాట చెప్పండి. అరకుదాకా ఎందుకు, మనింట్లో అంట్లు తోమే ముసలమ్మకీ, నస్యం డబ్బీ దాచుకునే మన సొంత పెద్దమ్మకీ కూడా ఆ మాట పనికొస్తుంది. చెప్పేటప్పుడు గొంతులో కోపం మాత్రం వద్దు. ఆవిడని కోప్పడడానికి ఇంట్లో ఇప్పటికే చాలామంది ఉన్నారు.